కుడికాలు నిర్దోషి

ఫోర్డ్ వారి మస్టాంగ్ జీటీ కారు కొన్న ఏడాదికే వెనక టైర్లు బోడిగుండయ్యాయని గగ్గోలు పెడుతున్న సోదరుల పక్షాన ఈ నాలుగు ముక్కలు. టైరు కంపెనీ మోసం చేసింది, అలైన్‌మెంట్ కుర్రాడు కొలత తప్పాడు, టెక్సస్ ఎండ పడలేదు, రోడ్డేసినవాడు కంకర ఎక్కువ పోశాడు... అనుమానితులకి కొదవలేదు. యాక్సిలరేటర్ మీదున్న కుడికాలిని మాత్రం విచారణకి పిలవడానికి వీల్లేదు. అది ఇంటి మనిషి.

ముందుగా లైన్ లాక్ సంగతి. 2015 మోడల్ నుంచి మస్టాంగ్ జీటీకి ఫోర్డ్ ఇచ్చిన వరం ఇది. మెనూలోకి వెళ్లి ఎంచుకుంటే ముందు చక్రాల బ్రేకులు బిగుసుకుంటాయి, వెనకవాటికి స్వేచ్ఛ. కారు అంగుళం కదలదు. వెనక టైర్లు మాత్రం ఉన్నచోటే గిర్రున తిరిగి వీధంతా పొగ పెడతాయి. డ్రాగ్ రేసుకి (తిన్నటి దారిలో దూసుకెళ్లే పోటీకి) ముందు రబ్బరు వేడెక్కి పట్టు పెరగడానికి పెట్టారట, ట్రాక్ మీదే వాడాలట. మన సోదరుడు ఇంటిముందు వాడాడు. ఇది ట్రాక్ కాదని అక్కడ బోర్డు ఉందా?

ఆడలేక మద్దెల ఓడంటున్నాడని గిట్టనివాళ్లు వెక్కిరిస్తారు. మద్దెల కూడా కాస్త ఓడేనని మనవి. మలుపులో పట్టు కోసం చక్రం పైభాగాన్ని లోపలికి వాల్చి అమరుస్తారు. దానికి టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) కూడా తేడా కొడితే లోపలి అంచు ముందు అరిగిపోతుంది, బయటికేమో టైరు నిక్షేపంగా కనిపిస్తుంది. పోనీ ముందువి వెనక్కి మారుద్దామా అంటే, పర్ఫార్మెన్స్ ప్యాక్ తీసుకున్నవాళ్లకి ముందు 255, వెనక 275 మిల్లీమీటర్ల వెడల్పు. నాలుగొందల పైచిలుకు గుర్రాలు తోసే తోపంతా ఆ వెనక జతే భరించాలి, అదీ బదిలీ లేని ఉద్యోగం.

ఇక టైరు ఎంత మన్నుతుందో చెప్పడానికి దాని పక్కన ముద్రించే ట్రెడ్‌వేర్ అంకె. ఆ పరీక్ష జరిగేది టెక్సస్‌లోనే, సాన్ ఏంజెలో దగ్గర. 400 మైళ్ల చుట్టుదారిలో కార్లు కాన్వాయ్ కట్టి, బుద్ధిగా, మొత్తం 7,200 మైళ్లు తిరుగుతాయి. ప్రమాణంగా పెట్టుకున్న టైరుకి 100. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్‌కి 300, కప్ 2కి 180. రబ్బరు మెత్తనైతే పట్టెక్కువ, ఆయుష్షు తక్కువ. పైగా మార్కులు వేసుకునేది తయారుచేసిన కంపెనీయే! (మన ఇంటర్ ప్రాక్టికల్స్ గుర్తొస్తే నా తప్పు కాదు.) అయినా లైన్ లాక్ వేసి పరీక్షించని అంకెని డాలస్‌లో మనవాడు ఎందుకు నమ్మాలి?

పరిష్కారం బుగాటి ఎప్పుడో చూపించింది. ఆ కంపెనీ మెరుపువేగపు కారు వేరాన్ గురించి అందరూ చెప్పుకునే లెక్క ఒకటుంది: గంటకి 400 కిలోమీటర్లు దాటి పూర్తి వేగంతో పోతే టైర్లు పావుగంటలో ఖతం. కంగారు అక్కర్లేదు, 12 నిమిషాలకే పెట్రోలు అయిపోతుంది. టైర్ల రక్షణకి ఇంతకంటే పకడ్బందీ ఏర్పాటు నేను చూడలేదు. కాబట్టి ఫోర్డ్ వారికి నా విన్నపం: జీటీలో ఆ పెద్ద ట్యాంకు పీకేసి స్కూటర్ ట్యాంకు బిగించండి. బంకు దాకా కారుని తోసుకెళ్లే మైళ్లలో ట్రెడ్‌వేర్ అంకె అక్షరాలా నిజమవుతుంది.