గల్ఫ్‌లో ఉన్నవాళ్ల సంగతి వేరు

చాలా ఏళ్లు విదేశంలో ఉంటే మనిషి మెల్లగా అక్కడివాడైపోతాడని, ప్రవాసుల గురించి మీరు వేసిన వ్యాసంలో రచయిత రాశారు. అమెరికా వెళ్లినవాళ్ల విషయంలో అది నిజం కావచ్చు. గల్ఫ్‌లో ఎన్నేళ్లున్నా మేం ఇక్కడివాళ్లం కాలేం. నివాస కార్డు ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. పని పోతే అదీ పోతుంది. మస్కట్‌లో మా అచ్చంపేట వైపువాళ్లం శుక్రవారం కలిసి వండుకుంటాం. ఎవరి చెల్లె పెళ్లికి ఎంత తక్కువ పడింది, ఎవరి బోరు ఎండిపోయింది, అన్నీ అప్పుడే మాట్లాడుకుంటాం. పిల్లల చదువు, అమ్మానాన్నల మందులు వాట్సాప్‌లోనే నడుస్తాయి.

అయితే మేం ఇక్కడ ఉండగానే ఊరి చిరునామా మారిపోయింది. నేను వచ్చినప్పుడు పాస్‌పోర్టులో మహబూబ్‌నగర్ జిల్లా, ఆంధ్రప్రదేశ్ అని ఉండేది. 2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. 2016 అక్టోబర్‌లో మాది నాగర్‌కర్నూల్ జిల్లా అయింది. తెలంగాణ వచ్చిన రోజు ఊళ్లో లేనందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఎవరైనా అడిగితే మాత్రం పాలమూరు అనే చెప్తాను.

అన్నిటికన్నా బాధ ఓటు గురించి. 2011 నుంచి ప్రవాసులు ఫారం 6ఏ ఇచ్చి ఓటరుగా నమోదు కావచ్చు. కానీ ఓటు వేయాలంటే పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా ఊరి పోలింగ్ కేంద్రానికి రావాలి. కూలి పని చేసే మనిషి సెలవు అడుక్కుని, టికెట్ కొనుక్కుని ఎలా వస్తాడు? సైనికులకు పోస్టల్ బ్యాలెట్ ఉంది కదా, మాకూ ఇవ్వాలి. దయచేసి దీని మీద కూడా రాయండి.