గోడ మేం అమ్మమండీ!

మా వీధి తలుపు తాళంలో ఒక స్ప్రింగు విరిగింది. స్ప్రింగు అనగానే పెద్దగా ఊహించుకోకండి. చిటికెన వేలంత పొడవు కూడా లేని సన్నటి రేకు ముక్క. మా నాన్నగారు పెట్టించిన ఆ తాళం ఇన్నేళ్లలో ఒక్కసారీ మొరాయించలేదు. ఇప్పుడు ఆ రేకు ముక్క పోయేసరికి, ఇంతటి గట్టి తలుపూ వీధినపోయే కుక్క మూతితో తోసినా తెరుచుకుంటోంది.

ఆ రేకు ముక్క ఉద్యోగం ఏమిటో తమరికి తెలియకపోదు. అయినా దాని గౌరవార్థం చెబుతాను. లీవరు తాళంలో పలకలు వరుసగా పేర్చి ఉంటాయి. తాళంచెవి పళ్లు ఒక్కొక్క పలకను ఒక్కొక్క ఎత్తుకు లేపుతాయి. అన్నీ సరిగ్గా ఆ ఎత్తుకు చేరితేనే గడియ కదులుతుంది. తక్కువ లేచినా కదలదు, ఎక్కువ లేచినా కదలదు. 1778లో రాబర్ట్ బారన్ పేటెంటు పొందిన ఉపాయం ఇది. లేచిన పలకను మళ్లీ కిందికి దించేది ఆ స్ప్రింగే. అది విరిగితే పలక లేచిన చోటే బిగుసుకుపోయి, అలిగిన అల్లుడిలా ఎవరు చెప్పినా దిగదు.

పాత తాళం కాబట్టి స్క్రూలు విప్పితే మూత ఊడి వచ్చింది. విరిగిన ముక్కను కాగితంలో పొట్లం కట్టుకుని హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్లాను. దుకాణదారు పొట్లం విప్పి, ఊపిరి తగిలితే ఎగిరిపోతుందేమోనని కాస్త దూరంగా పెట్టి చూశాడు.

“ఇది విడిగా రాదండీ. తాళమే మార్చాలి.”

“తాళం మారిస్తే సరిపోతుందా?”

“బ్రహ్మాండంగా సరిపోతుంది. తలుపు మాత్రం కొద్దిగా చెక్కించాలి.”

తలుపు అంచు నుంచి తాళంచెవి రంధ్రం నడిమికి ఉండే దూరాన్ని వారి భాషలో బ్యాక్‌సెట్ అంటారట. నా పాత తాళానికి అది 57 మిల్లీమీటర్లు. ఆయన చూపించిన కొత్తదానికి 60. “మూడు మిల్లీమీటర్లే కదండీ” అని ఓదార్చాడు. పిడికీ చెవి రంధ్రానికీ మధ్య దూరం కూడా కలవలేదు: నాది 72, ఆయనది 85. పిడి లోపల తిరిగే చదరపు కడ్డీ ఒక్కటే రెంటికీ 8 మిల్లీమీటర్లు. ఆ ఒక్క పొత్తు చూసి ఇద్దరమూ కాసేపు ఆనందించాము.

“కొత్త తాళం పైపలక సన్నగా ఉంది. పాత రంధ్రాలు బయటికి కనిపిస్తాయి కదా?”

“కనిపిస్తాయండీ. తలుపు మార్చుకుంటే కనిపించవు.”

“ఈ ద్వారబంధానికి కొత్త తలుపు కుదురుతుందా?”

“పాత తలుపులు దళసరి. ఇప్పుడివన్నీ పలచన. ద్వారబంధం కూడా మార్చేస్తే శాశ్వతంగా నిశ్చింత.”

“ద్వారబంధం పీకితే గోడ ఊరుకుంటుందా?”

ఆయన ముఖం చిన్నబోయింది. “గోడ మేం అమ్మమండీ” అన్నాడు, అన్యాయంగా నింద మోస్తున్న మనిషిలా.

వచ్చేస్తుంటే మూలన ఒక గోనెసంచి కనిపించింది. నిండా పాత తాళాలు. నాలాగే గోరంత ముక్క కోసం వచ్చి, కొత్త తాళం మోసుకుని వెళ్లినవారు వదిలిపోయినవి. పైనే ఉంది నా తాళం కవల సోదరి, అదే కంపెనీ, అదే అచ్చు. “అందులోంచి ఒక్క స్ప్రింగు తీసుకుంటాను, ఎంతైనా ఇస్తాను” అన్నాను. “అది తుక్కండీ, అమ్మే సరుకు కాదు” అన్నాడు. నిజమే. తూకానికి వెళ్లవలసిన వస్తువు ఒక ఇంటికి పనికిరావడం ఎంత అనర్థం!

తయారీదారు సహాయ కేంద్రానికీ ఫోను చేశాను. మోడల్ సంఖ్య, కొన్న రసీదు అడిగారు. మా నాన్నగారు లేరని చెప్పాను. రసీదు అయినా ఉందా అన్నారు.

ఇక అంతర్జాలంలో తాళం స్ప్రింగు కోసం వెతికితే పరుపులు చూపించింది. తలుపు వేయలేనివాడికి ఎలాగూ నిద్ర పట్టదు, మంచి పరుపైనా ఉండాలని దాని సదుద్దేశం కాబోలు.

లండన్‌లో జోసెఫ్ బ్రామా కంపెనీ 1790లో ఒక తాళాన్ని కిటికీలో వేలాడదీసి, తెరిచినవారికి 200 గినీల బహుమానం ప్రకటించింది. అరవై ఏళ్లు దాటినా అది లొంగలేదు. 1851లో ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికన్ దాన్ని తెరిచాడు, 16 రోజుల్లో 51 గంటలు శ్రమించి. పరాయివాడి తాళాన్ని చెవి లేకుండా తెరవడానికి 51 గంటలు. సొంత తాళాన్ని చెవితో వేసుకోవడానికి నేను తిరగడం మొదలుపెట్టి ఇది అయిదో వారం.

ఇంతవరకూ నవ్వుతూనే చెప్పాను. కానీ ఆ దుకాణంలో కొత్త తాళాన్ని వెనక్కి తిప్పి చూశాక నవ్వు పోయింది. మూతకు స్క్రూలు లేవు, రివెట్లు. పాతది చేసినవాడు ఎప్పుడో ఒకడు దీన్ని విప్పుతాడని, విప్పి బాగు చేసుకుంటాడని తెలిసి స్క్రూలు పెట్టాడు. కొత్తది చేసినవాడు కూడా అది తెలిసే రివెట్లు కొట్టాడు. ఇది చౌకదనం కాదు, పొగరు. డబ్బిచ్చి కొన్న వస్తువు కడుపులో ఏముందో చూసే అర్హత నీకు లేదని నా ముఖం మీదే చెప్పడం. దొంగను ఆపడానికి పుట్టిన వస్తువు యజమానిని ఆపుతోంది, సిగ్గు లేకుండా! 2024లో ఐరోపా సమాఖ్య మరమ్మతు హక్కు కోసం ఆదేశం తెచ్చింది. ఆ జాబితాలో బట్టలు ఉతికే యంత్రం ఉంది, ఫోను ఉంది, ఇల్లు ఊడ్చే యంత్రం కూడా ఉంది. ఆ ఇంటికి కాపలా కాసే తాళం లేదు.

ప్రస్తుతానికి తలుపుకు కుర్చీ అడ్డం వేసి, అందులో నేనే కూర్చుంటున్నాను. బరువు బాగానే ఆనుతోంది. బ్యాక్‌సెట్ సమస్య లేదు, రివెట్లు లేవు, విడిభాగాలు ఇంట్లోనే దొరుకుతాయి. ఈ వ్యాసం కూడా అక్కడే కూర్చుని రాస్తున్నాను. ఎవరో తలుపు తడుతున్నారు. తీయాలంటే తాళం లేవాలి.