‘డాక్టర్ నో’ వేసినవి అడ్డుపుల్లలేనా?

అమెరికా మాజీ సెనేటర్, రిపబ్లికన్ పార్టీకి చెందిన టామ్ కోబర్న్ పేరు వస్తే చాలు (వృత్తిరీత్యా డాక్టర్, బిల్లులకు అడ్డుపడతారని ‘డాక్టర్ నో’ అనేవారు), ఒకే మాట చక్కర్లు కొడుతుంది: ‘ప్రతి బిల్లుకీ నో అనడం తప్ప ఆయన చేసిందేమీ లేదు. పొదుపు కబుర్లన్నీ అవతలి పార్టీ ఖర్చుల మీదే. పదవి కోసం పాకులాడిన మనిషి.’

రెండోదే ముందు చూద్దాం, పచ్చి అబద్ధం అదే కాబట్టి. 2005లో అలాస్కాలోని గ్రవీనా దీవికి భారీ వంతెన కట్టాలన్నారు. ఆ దీవిలో ఉండేది యాభై మంది దాకా. అక్కడి విమానాశ్రయానికి ఫెర్రీ ఎలాగూ ఉంది. ఆ డబ్బును కత్రినా తుపానులో దెబ్బతిన్న లూసియానా వంతెనకు మళ్లించమని కోబర్న్ సవరణ పెట్టారు. వంతెన కావాలన్న అలాస్కా సెనేటర్ టెడ్ స్టీవెన్స్ కోబర్న్ సొంత పార్టీ పెద్దాయనే. సవరణ నెగ్గితే రాజీనామా చేస్తానని సభలోనే మండిపడ్డారు. 82–15 తేడాతో సవరణ వీగిపోయింది. కానీ అంత రచ్చయ్యాక ఆ వంతెనా లేవలేదు.

2011లో ఇథనాల్ పన్ను రాయితీ ఎత్తేయాలని డెమొక్రాట్ డయాన్ ఫైన్‌స్టీన్‌తో చేయి కలిపారు. ‘ఇది పన్ను పెంచడమే’ అని విరుచుకుపడింది పన్నుల పెంపును వ్యతిరేకించే రిపబ్లికన్ ఉద్యమకారుడు గ్రోవర్ నార్క్విస్ట్, అంటే సొంత శిబిరమే. సెనేట్‌లో 73–27తో సవరణ నెగ్గింది.

ఇక ‘చేసిందేమీ లేదు’ అన్న మాట. ప్రభుత్వ గ్రాంట్లు, కాంట్రాక్టులు ఎవరికి ఎంత వెళ్తున్నాయో జనం ఇంటర్నెట్‌లో చూసుకునేలా 2006లో చట్టం వచ్చింది. అది తెచ్చిన ఇద్దరిలో ఒకరు కోబర్న్, రెండోవారు బరాక్ ఒబామా! ఒకే పనికి ఎన్ని శాఖలు డబ్బు తగలేస్తున్నాయో ఏటా లెక్క తీయాలన్న 2010 నాటి నిబంధన కూడా ఆయన చలవే.

పదవి సంగతా? మూడు టర్ములే ఉంటానని మాటిచ్చి 2001లో ప్రతినిధుల సభ వదిలేశారు. క్యాన్సర్‌తో పోరాడుతూ, 2015 జనవరిలో రెండేళ్ల గడువు మిగిలుండగానే సెనేట్ నుంచీ తప్పుకున్నారు.

అడ్డుపడిన మాట మాత్రం నిజం. 2014 డిసెంబరులో మాజీ సైనికుల ఆత్మహత్యలను నివారించే బిల్లును ఆపారు. ఉన్న పథకాలతోనే ఆ పని అవుతుందన్నది ఆయన వాదన. నాకైతే అది మింగుడుపడదు.

అయినా ‘ప్రతిదానికీ నో’ అనేవాళ్లు 2008ని మరిచిపోతారు. బ్యాంకులను నిలబెట్టడానికి 70,000 కోట్ల డాలర్ల బిల్లు వస్తే ఈయన ‘ఎస్’ అనే ఓటేశారు. అభిమానులు కూడా ఆ ఊసెత్తరు లెండి.