డిస్నీలాండ్ మట్టిగట్టు అందం కోసం కాదు

అమెరికాలోని డిస్నీలాండ్ వినోద పార్కు మీద వచ్చిన ఒక వ్యాసంలో, పార్కు చుట్టూ ఉన్న మట్టిగట్టు 'అందం కోసం పోసింది' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నిజానికి కాలిఫోర్నియాలోని అనాహైమ్‌ నగరంలో ఉన్న ఈ పార్కు డిజైన్‌కు ప్రాణం ఆ గట్టే. లోపల తిరిగేవాళ్లకు బయటి కార్లు, కరెంటు స్తంభాలు కంటపడకూడదని పోశారు. దాని మీదే 3 అడుగుల గేజ్ (పట్టాల మధ్య దూరం) రైలు నడిపారు. పార్కు లోపల కృత్రిమ నది కోసం తవ్విన మట్టి ఇక్కడ పనికొచ్చింది.

ఆ నది దగ్గరే పెద్ద చిక్కొచ్చింది. ఒకప్పుడు నారింజ తోటలున్న ఆ నేల ఇసుకపాలు ఎక్కువ. మొదట నీళ్లు వదిలితే ఎప్పటికప్పుడు ఇంకిపోయాయి. చివరికి అడుగంతా బంకమట్టి పరిచి, గట్టిచేసి మళ్లీ నింపితే గానీ నిలవలేదు.

పార్కులోని కోట ఎత్తు 77 అడుగులే. కింద పెద్ద రాళ్లు, పైకి పోయేకొద్దీ చిన్నవి పేర్చినట్టు కట్టారు కాబట్టి కన్ను మోసపోయి ఇంకా ఎత్తుగా తోస్తుంది. పార్కులోకి అడుగుపెట్టగానే వచ్చే మెయిన్ స్ట్రీట్ అనే వీధిలోని మేడల పై అంతస్తులు కురచగా ఉండటానికీ కారణం ఇదే.

1955 జులై 17న పార్కు తెరిచిన మొదటిరోజు జరిగిన ఇబ్బందులను ఆ వ్యాసంలో నిర్వాహకుల అసమర్థతగా రాయడం మాత్రం అన్యాయం. పని మొదలై అప్పటికి ఏడాదే. ప్లంబర్ల సమ్మె వల్ల మరుగుదొడ్లా, తాగునీటి కుళాయిలా అని ఎంచుకోవాల్సి వచ్చింది. పార్కు కట్టించిన వాల్ట్ డిస్నీ మరుగుదొడ్లే ముందన్నారు. తారు కొత్తగా వేసింది, ఎండకు మెత్తబడి ఆడవాళ్ల చెప్పుల మడమలు దిగబడ్డాయి. పైగా నకిలీ టికెట్లతో జనం తోసుకొచ్చారు.