పోయినవాళ్ల పాటకు కొత్త వాద్యాలు కలపొద్దు

అమెరికన్ గాయని ఇవా కాసిడీ ఆల్బమ్ ‘సింప్లీ ఇవా’ ఇంకా వినకపోతే ఈ ఆదివారం తీరిక చేసుకుని వినండి. ఆమె 1996 నవంబరులో చర్మ క్యాన్సర్‌తో చనిపోయింది, 33 ఏళ్లకే. ఈ ఆల్బమ్ 2011లో వచ్చింది. ఆమె గొంతు, ఆమె గిటారు తప్ప మరేమీ లేని రికార్డింగులు ఏరి ఒకచోట పెట్టారు. ‘ఓవర్ ది రెయిన్‌బో’ వినండి. తీగ మీద వేళ్లు జరుగుతున్న చప్పుడు తెలుస్తుంది, మాటకీ మాటకీ మధ్య ఆమె ఎంతసేపు ఆగిందో తెలుస్తుంది. నాకు ఆ ఆగడమే ప్రాణం.

బతికుండగా వాషింగ్టన్ చుట్టుపక్కల తప్ప పెద్దగా ఎవరికీ తెలియని గాయని. బ్రిటన్ రేడియోలో ఆమె పాటలు వేశాక, 2001లో ‘సాంగ్‌బర్డ్’ సంకలనం అక్కడ మొదటి స్థానానికి వెళ్లింది. ఆ తర్వాత ఆల్బమ్‌లు వస్తూనే ఉన్నాయి. 2023లో ఆమె గొంతును సాఫ్ట్‌వేర్‌తో విడదీసి లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాను జత చేశారు. వాళ్లు గొప్పగా వాయించారు, కాదనను. కానీ ఆమె కావాలని ఖాళీ వదిలిన చోటల్లా వయొలిన్లు వచ్చి కూర్చున్నాయి. ఆ ఖాళీ నింపే హక్కు ఎవరిచ్చారు?

అసలు ఆమెకు తన రికార్డింగులే ఒక పట్టాన నచ్చేవి కావు. 1996 జనవరిలో బ్లూస్ ఆలీ క్లబ్‌లో పాడిన రోజు జలుబు చేసిందని, ఆ గొంతు బయటికి ఇవ్వడానికే వెనకాడింది. మరి పోయాక ఇన్ని విడుదల చేయడం న్యాయమా అని అడిగేవాళ్లున్నారు. ఆ ప్రశ్న నన్నూ ఇబ్బంది పెడుతుంది. అయినా పాడింది పాడినట్టు వినిపించడం వేరు, పాడనిదాన్ని తగిలించడం వేరు.

ఇదంతా చెన్నైలో కూర్చుని ఎందుకంటారా? మన సినిమా పాటలు చాలావరకు ఒకప్పుడు ఈ ఊళ్లోనే కదా రికార్డయ్యాయి! ఘంటసాల గారు 1974 ఫిబ్రవరిలో ఇక్కడే పోయారు. ఆయన భగవద్గీత ఆ తర్వాతే విడుదలైంది, కానీ ప్రతి శ్లోకం ఆయన అనుకున్నట్టే, ఆయన సంగీతంతోనే వచ్చింది. ఇక బాలు గారి గొంతును అనుమతి లేకుండా ఏఐతో తయారు చేసి సినిమాలో వాడారని ఆయన కుమారుడు చరణ్ గారు 2024లో లీగల్ నోటీసు పంపాల్సి వచ్చింది. అదే ఏడాది రెహమాన్ గారు చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులను ఒక తమిళ పాటలో ఏఐతో వాడినప్పుడు కుటుంబాల అనుమతి తీసుకున్నారు, డబ్బూ ఇచ్చారు. అది మర్యాద. అయినా నాకు కావలసింది వాళ్లు పాడని పాట కాదు.

నాకు కావలసింది రిహార్సల్ టేపులు. సంగీత దర్శకుడు హార్మోనియం పెట్టె ముందు కూర్చుని పాట నేర్పుతుంటే, గాయకుడు తప్పు పాడి, మళ్లీ ఎత్తుకుని, మధ్యలో టీ అడిగిన టేపులు. వడపళనిలో, టీ నగర్‌లో, సాలిగ్రామంలో ఎవరో ఒకరి బీరువాల్లో అలాంటివి ఉండే ఉంటాయి. ఈ ఊరి తేమకు టేపుకు బూజు పట్టడం ఎంతసేపు? మీ ఇంట్లో ఉంటే దయచేసి పాత ప్లేయర్‌లో పెట్టి పరీక్షించకండి, టేపూ పాడవుతుంది, ప్లేయరూ పాడవుతుంది. పని తెలిసినవాళ్ల చేత శుభ్రం చేయించి డిజిటల్‌లోకి ఎక్కించండి. దగ్గులు, కబుర్లు కత్తిరించకండి. హార్మోనియం వాయించింది ఎవరో, అది ఏ ఏడాదో మీకు గుర్తున్నంతవరకు రాసి పెట్టండి.