ఏ బరంపురం మీది?

ప్రభుత్వాన్ని ఊరికే ఆడిపోసుకోవడం నాకు నచ్చదు. సరుకు విదేశానికి పంపడానికి తప్పనిసరి కాగితాలు 3 చాలని 2015లోనే తేల్చేశారు: ఓడవాళ్ళిచ్చే రసీదు బిల్ ఆఫ్ లేడింగ్, ప్యాకింగ్ లిస్టుతో కలిపిన ఇన్‌వాయిస్, కస్టమ్స్ వాళ్ళకి మనమిచ్చే షిప్పింగ్ బిల్లు. బరంపురంలో అప్పడాలు చేయించే మా పిన్ని ఈ మాట వినే దుబాయ్ ఆర్డరు ఒప్పుకుంది.

మూడే, నిజమే. పెళ్ళికి కావలసింది పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, పురోహితుడు అన్నట్టు. షిప్పింగ్ బిల్లు వేయాలంటే ఐఈసీ, అంటే ఎగుమతి దిగుమతులు చేసేవాళ్ళకిచ్చే నంబరు, ఉండాలి. అదిప్పుడు మన పాన్ నంబరే, అయినా అడిగి పుచ్చుకోవాలి. తర్వాత విదేశీ డబ్బు ఏ బ్యాంకుకొస్తుందో చెప్పే ఏడీ కోడ్‌కి బ్యాంకు ఉత్తరం, తినే సరుకు కాబట్టి ఫుడ్ లైసెన్సు, కొనేవాడు అడిగితే ఇది ఈ దేశంలోనే పుట్టిందని ఒక సర్టిఫికెట్. అప్పడానికి డాబా మీద ఎండ చాలు. దాని కింద పెట్టే చెక్క పాలెట్‌ని మాత్రం 56 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు వేడి చేసి ముద్ర కొట్టించాలి. మే నెలలో మా వీధిలో నిలబడ్డవాళ్ళకి అలాంటి ముద్ర ఎవరూ వేయరు.

ఇవన్నీ పిన్ని ఓపిగ్గా దాటింది. ఆగింది పేరు దగ్గర.

మన ఇళ్ళల్లో ఇంటిపేరు ముందు, ఒడిశా ఆఫీసుల్లో చివర. పాన్‌లో పూర్తిగా ఉంది, ఆధార్‌లో పొడి అక్షరమైంది, బ్యాంకులో తోకకి చేరింది. మొత్తం ముగ్గురు పిన్నులు. ఊరూ అంతే. మనకి బరంపురం, ఒడియాలో బ్రహ్మపుర, రైల్వే స్టేషన్లో బ్రహ్మపూర్, బ్యాంకులో బెర్హంపూర్. చాలదన్నట్టు బెంగాల్లో ఇంకో బహరంపూర్ ఉంది.

విశాఖ నుంచి ఏజెంటు ఫోన్ చేశాడు. "అమ్మా, ఇంతకీ ఏ బరంపురం మీది?"

"కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఒకటే ఊళ్ళో ఉన్నాను బాబూ. దానికెన్ని పేర్లున్నాయో మీరే చెప్పాలి."

అప్పడానికి ఈ బాధ లేదు. కస్టమ్స్ పట్టికలో 19059040 అని దానికి సొంత నంబరుంది. ఏ పేరుతో పిలిచినా, గుండ్రంగా ఉన్నా చదరంగా ఉన్నా అప్పడం అప్పడమే, జీఎస్టీ లేదు అని 2021లో పరోక్ష పన్నుల బోర్డు వివరణ కూడా ఇచ్చింది. ఇంటిపేరు ముందున్నా వెనకున్నా పిన్ని పిన్నేనని మాత్రం ఏ బోర్డూ ఇంకా అనలేదు.

1936 ఏప్రిల్ 1న మమ్మల్ని మద్రాసు నుంచి విడదీసి ఒడిశాలో కలిపినప్పుడు మా తాతలు గుమ్మం కూడా దిగలేదు. సరిహద్దే వాళ్ళని దాటుకుని పోయింది. ఒక్క కాగితం అడగలేదు! అప్పటి అధికారుల అలసత్వం తలుచుకుంటే భయమేస్తుంది.

చివరికి ముగ్గురు పిన్నులూ ఒకరేనని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించాం. స్టాంపు, సంతకం, సీలు అన్నీ పక్కాగా ఉన్నాయి. ఇంటికొచ్చి చూస్తే, అందులో ఊరి పేరు అయిదో రకంగా ఉంది.