నల్లగొండకు నీళ్లు తెచ్చింది నిలబడలేని మనుషులే

నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి అంటే చాలు, తాగే నీళ్లలోని ఫ్లోరైడ్ మనుషుల ఎముకలు వంచేసిన కథ మళ్లీ మొదటి నుంచీ చెప్పక్కర్లేదు. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్ ఆ దగ్గర్లోని చౌటుప్పల్‌లోనే ఎందుకు లేచిందో అందరికీ తెలుసు. ఆ నీళ్ల ఘనత మాదంటే మాదని ప్రతి ఎన్నికల్లో పార్టీలు కొట్లాడుకుంటాయి. నన్నడిగితే ఆ ఘనత లేచి నిలబడలేని వాళ్లది.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది బరిలో దిగారు, అందులో ఎక్కువ మంది ఈ నీళ్ల గోస చెప్పుకోవడానికే. అయినా ఢిల్లీకి అర్థం కావడానికి వంకర్లు తిరిగిన ఎముకలు కావాల్సి వచ్చాయి. ఫ్లోరైడ్‌తో ఒళ్లు వంగిపోయిన శివన్నగూడ అంశల స్వామిని జల సాధన సమితి నేత దుశ్చర్ల సత్యనారాయణ అప్పటి ప్రధాని వాజ్‌పేయి ముందుకే తీసుకెళ్లారు. 2023 జనవరిలో చనిపోయే దాకా స్వామి ఆ పోరాటంలోనే ఉన్నారు.

అక్కడితో ఆగితే స్వామి లాంటి వాళ్లను సాక్ష్యాలుగా వాడుకున్నట్టే. (మునుగోడు ఉప ఎన్నికప్పుడు ఫొటోలు దిగిన నాయకులు చేసిందీ అదే.) అసలు సంగతి ఇంట్లో ఉంటుంది. నవారు మంచం మీద ముప్పై దాటిన కొడుకు, మాట రాదు. తల్లి పెరుగన్నం మెత్తగా పిసికి, ఒక ముద్ద గొంతు దిగిందాకా రెండోది అందుకోదు. తొందరపడితే పొలమారుతుంది. బడి నుంచి వచ్చిన మేనకోడలు బ్యాగు పడేసి మామ మొహం చూస్తుంది. దాహమా, పక్కకు ఒత్తిగిలించాలా అన్నది ఆయన కనుబొమ్మను బట్టి చెప్పేస్తుంది. ఎదుటి మనిషిని ఇంత శ్రద్ధగా చూడటం ఆ పిల్లకు నేర్పింది ఆయనే.

కూర్చుని రాసేవాళ్లకేం, ఆ తల్లి నడుం నొప్పి ఎవరు పడతారు అంటారు. నొప్పి నిజమే. కానీ ఆ బరువు కొడుకుది కాదు. దగ్గర్లో ఫిజియోథెరపీ లేదు, ఒక పూట చూసుకునే మనిషి లేదు. ఆ బరువు మోపింది మనం.

మనకు మనిషిని కొలవడమే రాదు. వైకల్యం తేల్చే సదరం క్యాంపులో మనిషికి ఏం లేదో శాతాల్లో రాసిస్తారు, ఏం ఇస్తున్నాడో రాసే గడి ఉండదు. అదే కొలబద్ద పిల్లలకు ర్యాంకు అవుతుంది, ముసలివాళ్లకు పెన్షన్ అవుతుంది, కౌలు రైతుకైతే పాస్‌బుక్ అవుతుంది. సంపాదించని మనిషిని దండగ అనుకోవడం ఇంత మామూలైపోయింది.

వికలాంగుల హక్కుల చట్టం, 2016లో ఎక్కువ ఆసరా అవసరమైన వాళ్లకు సంరక్షకుల భత్యం మాట ఉంది. అది ఎక్కడ అమలవుతోందని కలెక్టరేట్ ముందు మొదట నిలదీయాల్సింది నల్లగొండే. నల్లా తిప్పి నీళ్లు తాగుతున్న ప్రతి ఇల్లూ వాళ్లకు బాకీ ఉంది మరి.